ఆప్షన్లు అమ్మేవాళ్ళు రిస్క్ ఎలా లెక్కేస్తారు? మార్జిన్ చూసుకుంటే సరిపోదా?

చెరువుగట్టు (భీమవరం)

నమస్కారమండి. కాస్త పెద్ద పోస్టు, తిట్టేవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన దసరా తర్వాత నుంచి నిఫ్టీ వీక్లీ ఆప్షన్లు అమ్ముతున్నాను. కొనడం కాదు, అమ్మడమే. కొన్నవాడు పోగొట్టుకుంటాడు, అమ్మినవాడు ప్రీమియం (కొన్నవాడు ఇచ్చే ధర) తింటాడు అని ఎక్కడ చూసినా ఇదే మాట కదా, నేనూ అదే నమ్మాను. పది లక్షలు పెట్టాను. ఆరు నావి, నాలుగు నాన్నవి, పోయిన పంట రొయ్యల డబ్బు. పద్ధతి ఏమీ లేదు, వారం చివర్లో నిఫ్టీకి ఐదారొందల పాయింట్ల పైన ఒక కాల్ (నిఫ్టీ ఆ అంకె దాటి లేస్తే తేడా నేను కట్టాలి), కింద ఒక పుట్ (ఆ అంకె కిందికి పడితే నేను కట్టాలి) అమ్మేసి ఎక్స్‌పైరీ, అంటే గడువు రోజు దాకా కూర్చోవడమే. లాట్ (ఒకసారికి కనీసం అమ్మాల్సిన సంఖ్య) 75 చేశాక నాలుగు లాట్లు, అంటే 300 క్వాంటిటీ. మొత్తం మీద 9.2 లక్షలు మార్జిన్ (పూచీకి ముందే కట్టే డబ్బు) కింద బ్లాక్ అయ్యేది. 24 వారాల్లో 20 వారాలు లాభమే. ఖర్చులు పోను 1,62,000 వచ్చింది, వచ్చింది వచ్చినట్టు తీసేసి ఇంట్లో ఇచ్చాను. అమ్మ అయితే మావాడికి ఉద్యోగం ఎందుకు అని ఊరంతా చెప్పుకొచ్చింది.

2025 ఏప్రిల్ 4 శుక్రవారం నిఫ్టీ 22,904 దగ్గర క్లోజయింది. ఆ మధ్యాహ్నం 22,300 పుట్ 35కి, 23,500 కాల్ 22కి అమ్మాను. ఎక్స్‌పైరీ గురువారాల్లో ఉండేది, ఆ గురువారం మహావీర్ జయంతి సెలవు కాబట్టి బుధవారమే, మూడు రోజుల్లో 600 పాయింట్లు పడుతుందా అనుకున్నాను. ఆ రాత్రి అమెరికా మార్కెట్ దాదాపు 6 శాతం పడింది. శని, ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పలేను, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. సోమవారం నిఫ్టీ ఓపెనింగే 21,758.

జీటీటీలో (రేటు తగలగానే దానంతటదే వెళ్ళే ఆర్డర్) స్టాప్‌లాస్, అంటే నష్టం పెరగకుండా బయటపడే ఆర్డర్ పెట్టే ఉంచానండి. 70 ట్రిగ్గర్, 75 లిమిట్, అంటే పుట్ రేటు 70 తాకితే ఆర్డర్ వెళ్ళాలి, 75 మించి కొనకూడదు. 70, 75 అనే అంకెలు తెర మీదకే రాలేదు, మొదట కనిపించిన రేటే 600 పైన. నా 75 ఆర్డర్ పెండింగ్ అని చూపిస్తూ అలాగే ఉంది. ఈలోగా మార్జిన్ షార్ట్‌ఫాల్ అని మెసేజ్, 9:20కి బ్రోకర్ వాళ్ళే కోసేశారు, అంటే నేను అమ్మినవి తిరిగి కొని మూసేశారు. పుట్ సగటున 640కి, కాల్ రూపాయికి. అన్నీ పోను నష్టం 1,75,200. ఆరు నెలల సంపాదన పోగా చేతి నుంచి 13,200.

ఇంతకీ కడుపు మండేది ఎక్కడంటే, బుధవారం ఎక్స్‌పైరీకి నిఫ్టీ 22,399లో ముగిసింది. అంటే నా 22,300 పుట్ సున్నా అయిపోయింది! నన్ను కోయకుండా ఉంటే 17,100 నా జేబులో ఉండేవి. అకౌంట్లో ఇంకో మూడు లక్షలు ఉంటే ఆగేవాడిని. కాబట్టి డబ్బు పెంచితే సరిపోతుందా? మార్జిన్ 9.2 లక్షలు కట్టాక కూడా అది రిస్క్‌కి కొలత కాదంటే మరి ఏది కొలత? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోస్తనీ (తణుకు)

స్టాప్‌లాస్ సంగతి ఒక్కటి చెప్తా గురూ, మిగతాది పెద్దవాళ్ళు చెప్తారు. ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో మార్కెట్ రేటుకి కొట్టే స్టాప్‌లాస్ ఆర్డర్ని 2021 సెప్టెంబర్‌లోనే తీసేసింది. లిమిట్‌తోనే పెట్టాలి. ధర ఒక్కో మెట్టు దిగుతూ వస్తే అది పనిచేస్తుంది, మేడ మీద నుంచి దూకితే మధ్య మెట్ల మీద నువ్వు కాపలా పెట్టినవాడు చేసేదేమీ లేదు. శుక్రవారం మూడున్నరకీ సోమవారం తొమ్మింబావుకీ మధ్య మన దగ్గర రేటే లేదు. అందులో నీ స్టాప్‌లాస్ ఏం చేస్తుంది? పగలు పడితే ఆదుకుంటుంది, రాత్రి పడితే లేదు, అంతే.

నాకూ 2024 జూన్ 4న ఇదే అయింది, కాకపోతే నావి రెండే లాట్లు, అప్పట్లో లాట్ 25. బతికిపోయాను.

మానేసినవాడు (అమలాపురం)

మానేయ్ తమ్ముడూ. సెబీ లెక్క తీసింది, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఎఫ్అండ్‌ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) చేసిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మందికి నష్టమే, మొత్తం 1.8 లక్షల కోట్లు పైన. సంక్రాంతి పందేల బరిలో కూడా ఇంత ఘోరం ఉండదు, అక్కడ కనీసం కోడికూర అయినా మిగులుతుంది.

పాత రిస్క్ డెస్క్ (రాజమండ్రి)

అబ్బాయ్, నేను బొంబాయిలో పద్దెనిమిదేళ్ళు ఇదే పని చేశాను. ట్రేడర్లు లాభం లెక్కేసుకునేవాళ్ళు, మేం పక్క గదిలో కూర్చుని వీడు ఏ రోజున మునుగుతాడా అని లెక్కేసేవాళ్ళం. అందుకే మమ్మల్ని భోజనానికి ఎవరూ పిలిచేవారు కాదు. నీ పోస్టులో నాకు భయం వేసింది నష్టం చూసి కాదు, చివరి పేరా చూసి. ఇంకో మూడు లక్షలు ఉంటే ఆగేవాడిని అన్నావే, ఆ మాట చూసి.

ముందు మార్జిన్ సంగతి. స్పాన్ అని వింటున్నావు కదా, అది 1988లో షికాగో ఎక్స్‌ఛేంజ్ వాళ్ళు తయారుచేసిన లెక్క. నీ పొజిషన్‌ని 16 రకాల పరిస్థితుల్లో పెట్టి చూస్తుంది. ధర కొంచెం పెరిగితే, బాగా పెరిగితే, కొంచెం పడితే, బాగా పడితే, వాటితో పాటు వొలటిలిటీ (ధరల ఊగిసలాట) పెరిగితే, తగ్గితే. అందులో అన్నిటికన్నా చెడ్డదాన్ని తీసుకుని అంత డబ్బు కట్టమంటుంది, దాని మీద ఎక్స్‌పోజర్ మార్జిన్ కొంత. ఎవరి కోసం? క్లియరింగ్ కార్పొరేషన్ కోసం. నువ్వు ఎగ్గొడితే అవతలివాడికి డబ్బు ఇవ్వాలి కాబట్టి వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. అప్పు ఇచ్చినవాడు తాకట్టు పెట్టించుకుంటే అది వాడి ధైర్యం, నీది కాదు. పైగా వొలటిలిటీ పెరిగితే ఆ మార్జినే పెరుగుతుంది, అంటే నీ దగ్గర డబ్బు లేని రోజే ఎక్కువ అడుగుతారు. పదికి 9.2 బ్లాక్ చేసి 80 వేలు పక్కన పెట్టుకున్నవాడికి నష్టం లక్షన్నర దాటాక కోత తప్పదు, అందులో బ్రోకర్ తప్పేమీ లేదు.

ఇప్పుడు నీ పొజిషన్‌ని నా కళ్ళతో చూడు. 300 క్వాంటిటీ, నిఫ్టీ 22,900. అంటే 68.7 లక్షల సరుకుకి నువ్వు పూచీ పడ్డావు, 17,100 రూపాయల కోసం. శుక్రవారం ఆ పుట్ డెల్టా (నిఫ్టీ ఒక పాయింటు కదిలితే పుట్ రేటు ఎంత కదులుతుందో ఆ అంకె) 0.15 అనుకుందాం. 300 ఇంటూ 0.15, అంటే 45 నిఫ్టీలు కొని దగ్గర పెట్టుకున్నట్టు, విలువ పది లక్షల చిల్లర. నీ పెట్టుబడికి సమానమే, చూడటానికి బాగానే ఉంది. సోమవారం పొద్దున అదే పుట్ డెల్టా 0.75 దగ్గరికి వెళ్ళి ఉంటుంది. 225 నిఫ్టీలు, 49 లక్షలు. నువ్వు ఒక్క ఆర్డర్ కూడా కొట్టలేదు, నిద్రపోయి లేచేసరికి నీ పొజిషన్ ఐదింతలైంది, అదీ పడుతున్న వైపే. దీన్నే గామా అంటారు. ఎక్స్‌పైరీ దగ్గరపడే కొద్దీ ఇది ముదురుతుంది. మూడు రోజులే కదా అని నువ్వు ధైర్యం తెచ్చుకున్నావు చూడు, అసలు భయపడాల్సింది అక్కడే.

ఎంత కదలొచ్చు అనేదానికి అందరూ వాడే లెక్క ఇండియా విక్స్, నిఫ్టీ ఎంత ఊగుతుందని మార్కెట్ అనుకుంటోందో చెప్పే సూచీ. విక్స్‌ని 16తో భాగిస్తే ఒక రోజు మామూలు కదలిక శాతంలో వస్తుంది (ఏడాదికి 252 ట్రేడింగ్ రోజులు, దాని వర్గమూలం ఇంచుమించు 16, అందుకని). ఆ శుక్రవారం విక్స్ 14కి కాస్త తక్కువ. భాగిస్తే 0.86 శాతం, సుమారు 200 పాయింట్లు. ఓపెనింగ్‌లో పడింది 1,146. అంటే మామూలు కదలికకి ఆరింతలు దగ్గర. పుస్తకంలో ఉండే గంట ఆకారం గీత ప్రకారం అలాంటిది లక్షల ఏళ్ళకి ఒకసారి కూడా రాకూడదు. మరి 2020 మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడింది. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు దాదాపు 6 శాతం. ఇప్పుడు ఇది. ఐదేళ్ళలో మూడుసార్లు. కాబట్టి విక్స్ అబద్ధం చెప్పిందని కాదు, అది మామూలు రోజు గురించి చెప్తుంది. మునిగేది మామూలు రోజున కాదు.

వాల్యూ ఎట్ రిస్క్, అదే వార్ అంటారే, దాన్ని జేపీ మోర్గాన్ వాళ్ళు 1994లో రిస్క్‌మెట్రిక్స్ పేరుతో బయటపెట్టాక ప్రపంచమంతా ఎక్కింది. నూటికి 99 రోజులు నష్టం ఇంతకు మించదు అని ఒక అంకె ఇస్తుంది. మా కుర్రాళ్ళకి నేను ధవళేశ్వరంతో చెప్పేవాణ్ణి. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. వార్ అంటే ఆ మూడో హెచ్చరిక గీతలాంటిది. నీళ్ళు ఆ గీత దాటడం అరుదు అని చెప్తుంది. దాటితే ఎంత దాటుతుందో చెప్పదు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు. గోదావరి లంకలో (ఏటి మధ్య దిబ్బ మీద) ఇల్లు కట్టుకునేవాడు 17 లక్షల గీత చూసి పునాది వేస్తాడా, 86లో నీళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో తాతని అడిగి వేస్తాడా? అందుకే ఇప్పుడు బ్యాంకుల లెక్కల్లో గీత దాటిన రోజుల్లో సగటున ఎంత పోతుంది అనే కొలత తెచ్చారు, ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ అని. నీకు అంత గణితం అక్కర్లేదు. 86 నీళ్ళు పోసి చూడు చాలు.

పోసి చూద్దాం. నీ 22,300 పుట్‌కి జూన్ 4 లాంటి 6 శాతం పోస్తే నిఫ్టీ 21,540 దగ్గరికొస్తుంది, పుట్ రేటు 850 అనుకో, లాట్‌కి నష్టం 61 వేలు, నాలుగు లాట్లకి దాదాపు రెండున్నర లక్షలు. 2020 మార్చి 23 పోస్తే నిఫ్టీ 19,920, పుట్ అసలు విలువే 2,370 పైన, నష్టం ఏడు లక్షలు దాటుతుంది. అంటే నీ ఆరూ పోయి నాన్నగారి నాలుగులోంచి కూడా ఒక లక్ష. ఇది కాగితం మీద ఐదు నిమిషాల పని. శుక్రవారం మధ్యాహ్నం ఈ ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే నాలుగు లాట్లు కొట్టేవాడివా?

ఇంకో మూడు లక్షలు ఉంటే ఆగేవాడిని అన్నదానికి ఇక్కడే సమాధానం. ఆగి గెలిచేవాడివి, నిజమే. ఆ గెలుపు చూసుకుని మే నెలలో ఆరు లాట్లు కొట్టేవాడివి. 1995లో బేరింగ్స్ బ్యాంకు కుర్రాడు సింగపూర్‌లో కూర్చుని జపాన్ నిక్కీ మీద ఇలాగే కాల్, పుట్ రెండూ అమ్మి ఉన్నాడు. జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది. తిరిగి లేస్తుందిలే అని పెంచుకుంటూ పోయాడు. 82.7 కోట్ల పౌండ్లు పోయాయి, రెండు వందల ఏళ్ళు దాటిన బ్యాంకుని ఒక్క పౌండుకి అమ్ముకున్నారు. వాడికీ అంతకు ముందు పెంచి ఆగితే కలిసొచ్చిన రోజులు ఉన్నాయి, అదే వాడి దరిద్రం.

గోస్తనీ (తణుకు)

మాస్టారూ, దండం. కానీ ప్రాక్టికల్‌గా ఎన్ని లాట్లు కొట్టాలో కూడా చెప్పండి, లేకపోతే వీడు మళ్ళీ మార్జిన్ చూసే కొడతాడు.

పాత రిస్క్ డెస్క్ (రాజమండ్రి)

వెనక నుంచి రావాలి. ఒక చెడ్డ రోజున ఎంత పోయినా ఇంట్లో గొడవ కాదు? పది లక్షలకి 5 శాతం, యాభై వేలు అనుకుందాం. 6 శాతం గ్యాప్‌లో లాట్‌కి 61 వేలు పోతుందని పైన చూశాం. అంటే ఉత్త పుట్ ఒక్క లాట్ కూడా నీ స్తోమతుకి మించినదే. నాలుగు కొట్టావు.

ఇప్పుడు 22,300 పుట్ 35కి అమ్మి, 22,000 పుట్ 15 పెట్టి కొన్నావనుకో. చేతికొచ్చేది 20. ప్రళయం వచ్చినా 300 పాయింట్లు మించి పోదు, అందులో 20 ముందే తీసుకున్నావు, 280 ఇంటూ 75, లాట్‌కి 21,000. రెండు లాట్లకి 42,000. యాభైలో పట్టింది. నిఫ్టీ 21,000కి పోనీ, 15,000కి పోనీ, అంతే. ఆదివారం అన్నం తింటావు.

ఒక్క మాట. ఇలా హెడ్జ్ కొంటే మార్జిన్ బాగా తగ్గి కనిపిస్తుంది. తగ్గింది కదా అని పది లాట్లు కొడితే 2,10,000 పణంగా పెట్టినట్టు, మొదటికే మోసం. లాట్ల సంఖ్య మార్జిన్ నుంచి రాకూడదు, ఆ 21,000 నుంచి రావాలి.

పోర్టు రోడ్డు (కాకినాడ)

పెద్దాయన మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. రెండు లాట్లకి వారానికి వచ్చేది మూడు వేలు. ఒక్కసారి పూర్తిగా పోతే 42 వేలు, అంటే పద్నాలుగు వారాల తిండి. పదిహేనులో పద్నాలుగు సార్లు గెలిస్తేగానీ సమానం కాదు, 93 శాతం. చెరువుగట్టు గారు చెప్పుకున్నదే 24లో 20, అంటే 83. హెడ్జ్ కొంటే రిస్క్ పోతుంది, దాంతో పాటు వ్యాపారం కూడా పోతుంది. నేను హెడ్జ్ కొనను. వారాంతం ఉంచను, రోజూ మూడింటికి అన్నీ కోసేస్తాను. గ్యాప్ నా దాకా రాదు.

ఇంకోటి, అందరూ విక్స్ తక్కువ ఉన్నప్పుడు ధైర్యంగా అమ్ముతారు, భయం తక్కువని. నాకు మాత్రం అది తలకిందుల వ్యవహారం అనిపిస్తుంది. విక్స్ 13లో 35 రూపాయలకి అమ్మి తీసుకునే రిస్కూ, 25లో 90కి అమ్మి తీసుకునే రిస్కూ ఒకటి కాదు. కూలి తక్కువిచ్చేవాడి దగ్గరే బరువు ఎక్కువ మోస్తున్నాం.

పాత రిస్క్ డెస్క్ (రాజమండ్రి)

నీ లెక్క సరైనదే బాబూ, 93 శాతం దగ్గర కాస్త సర్దుకోవాలి అంతే, ఓడిన ప్రతిసారీ మొత్తం 21,000 పోదు, మధ్యలో బయటపడే వారాలు ఉంటాయి. కానీ నువ్వు అన్నదాంట్లో అసలు విషయం ఉంది. హెడ్జ్ ఖర్చు తీశాక మిగిలేదేమీ లేదంటే, హెడ్జ్ లేనప్పుడు కనిపించిన లాభం లాభం కాదన్నమాట. అది ఇన్సూరెన్స్ కట్టకుండా మిగిల్చుకున్న ప్రీమియం. ఇన్నాళ్ళూ ఇల్లు కాలలేదు కాబట్టి మిగిలింది.

రోజూ మూడింటికి కోసేయడం మంచి పద్ధతే. మరి 2020 మార్చి 23న పగలే పది శాతం పడి సర్క్యూట్ పడింది, ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్ళీ తెరిచాక ఇంకా పడింది. ఆగిన ఆ కాసేపు నువ్వు ఏం కోస్తావు? విక్స్ గురించి చెప్పింది మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను.

కొబ్బరితోట (అంబాజీపేట)

నాకు మీ డెల్టాలూ గామాలూ తెలియవు, మా డెల్టా ఒక్కటే తెలుసు. ఈ పోస్టులో నాకు అర్థమైంది ఒకటి ఉంది, ఎవరూ అడగలేదు. భీమవరం అబ్బాయిగారూ, ఏప్రిల్ మొదటి వారంలో మీ రొయ్యల రేటు ఏమైందండీ?

చెరువుగట్టు (భీమవరం)

అది అడక్కండి. అమెరికా టారిఫ్ అనగానే కొనేవాళ్ళు 100 కౌంట్ (కేజీకి వంద తూగే రొయ్య) కేజీకి 30, 40 రూపాయలు తగ్గించి అడిగారు. మాకు రెండు చెరువులు పట్టుబడికి వచ్చి ఉన్నాయి. ఆగుదామంటే మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు. నాన్న ఒక చెరువు పట్టించేశారు. అదే వారంలో నా కథ.

కొబ్బరితోట (అంబాజీపేట)

ఆయ్, అదే చెప్తున్నా. చెరువు దెబ్బతిన్నదీ, మీ పుట్ దెబ్బతిన్నదీ ఒకే మాటకి, వైట్‌హౌస్‌లో ట్రంప్ ఏప్రిల్ 2న చదివిన టారిఫ్ జాబితాకి. ఇంట్లో రెండు ఆదాయాలు ఉన్నాయని మీరు అనుకున్నారు, నిజానికి ఉన్నది ఒకటే. మా వైపు 96 నవంబర్ తుఫాను ముందు చాలామంది ఇలాగే అనుకున్నారు, కొబ్బరితోటా ఉంది, పక్కూళ్ళో ఇంకో తోటా ఉంది, వడ్డీకిచ్చిన డబ్బూ ఉంది అని. ఒక్క రాత్రి గాలికి రెండు తోటలూ పడ్డాయి, అప్పు తీసుకున్నవాడి తోటా పడింది. ఎవడు తీరుస్తాడు?

మీ చెరువుకి జనరేటర్ ఉంటుంది కదా. రాత్రి రెండింటికి కరెంటు పోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని పెట్టుకుంటారు. ఏడాదిలో ఎన్ని రాత్రులు అవసరం పడుతుంది? అయినా డీజిల్ దండగ అని ఎవరూ అనరు. ఇక్కడ పదిహేను రూపాయల పుట్ దండగ అంటున్నారు, అది నాకు విడ్డూరంగా ఉంది.

పాత రిస్క్ డెస్క్ (రాజమండ్రి)

దీన్ని కోరిలేషన్ అని పేరు పెట్టి మేం నలభై పేజీల రిపోర్టు రాసేవాళ్ళం. మామూలు రోజుల్లో రొయ్యకీ నిఫ్టీకీ సంబంధం లేదు, లెక్క వేస్తే సున్నా వస్తుంది. చెడ్డ రోజున అన్నీ ఒకే తాడుకి కట్టినట్టు లాగుతాయి. 1998లో ఎల్‌టీసీఎం అనే ఫండ్‌ని ముంచింది కూడా ఇదే, దాంట్లో ఇద్దరు అంతకు ముందు ఏడాదే నోబెల్ తీసుకున్నవాళ్ళు. తోట గారు నాకన్నా బాగా చెప్పారు.

చెరువుగట్టు (భీమవరం)

అందరికీ థాంక్సండి. నిన్న రాత్రి కాగితం పెట్టుకుని కూర్చున్నాను. నాన్న నాలుగు లక్షలు వెనక్కి ఇచ్చేద్దామని డిసైడయ్యాను, ఆయన దగ్గర చెరువులో ఉన్నదే ఇప్పుడు పెద్ద రిస్క్. మిగిలిన డబ్బుకి 5 శాతం అంటే 21 వేల చిల్లర. అంటే హెడ్జ్‌తో ఒక్క లాట్. పుట్ వైపు వారానికి 1,500, కాల్ వైపు కూడా అలాగే హెడ్జ్ చేసి ఇంకో ఏడెనిమిది వందలు. అన్ని వారాలూ కలిసొస్తే నెలకి తొమ్మిది వేలు. కలిసిరావు కదా. అదే డబ్బు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏమీ చేయకుండా నెలకి ఇంచుమించు రెండున్నర వేలు వస్తుంది. ఆ అంకె రాసుకుని చాలాసేపు చూశాను. వారానికి ఏడెనిమిది వేలు వస్తున్నప్పుడు నేను ఇంత తెలివైనవాడినా అనుకున్నాను.

కొన్నాళ్ళు కాగితం మీదే చేస్తాను. ప్రతి శుక్రవారం 6 శాతం, 13 శాతం పోసి చూస్తాను. పైకి కూడా పోయాలి కదా మాస్టారూ? ఏప్రిల్ 11 శుక్రవారం ఒక్కరోజే దాదాపు 2 శాతం లేచింది.

పాత రిస్క్ డెస్క్ (రాజమండ్రి)

పైకి కూడా పోయాలి. 2009 మే 18న ఎన్నికల ఫలితాల తర్వాత సోమవారం పైకే సర్క్యూట్ పడింది. కాల్ అమ్మినవాళ్ళు ఆ రోజు ఇంకా గుర్తుంచుకునే ఉంటారు.

గోస్తనీ (తణుకు)

టాక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. చెరువుగట్టూ, నీ 1,62,000లో ఎక్కువ భాగం మార్చి 31 లోపు వచ్చింది, అది పోయిన ఆర్థిక సంవత్సరం. నష్టం ఏప్రిల్ 7న, కొత్త సంవత్సరం. రెండూ కలిపి మైనస్ 13,200 అని చూపించడం కుదరదు. లాభం లాభంగా ఈసారి రిటర్న్‌లో చూపించాలి, వ్యాపార ఆదాయం కింద, ఐటీఆర్ 3లో. నష్టం వచ్చే ఏడాది రిటర్న్‌లో, గడువు లోపల వేస్తేనే ఎనిమిదేళ్ళు ముందుకు తీసుకెళ్ళొచ్చు. ఆ లాభం ఇంట్లో ఇచ్చేశానన్నావు, పన్ను పడితే కట్టడానికి ఏమైనా మిగిల్చావా?

చెరువుగట్టు (భీమవరం)

అమ్మ అందులో కొంత పెట్టి గాజులు చేయించుకుంది. సోమవారం అంబేడ్కర్ జయంతి సెలవు, మంగళవారం ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తాను.